సోయా మాత్ర మీద పేటెంటు ముద్ర

డబ్బా మీద ‘పేటెంటు పొందిన ఫార్ములా’ అని ఉంటే చాలు, లోపలి మాత్రను ఎవరో పెద్ద శాస్త్రవేత్తలు పరీక్షించి, పనిచేస్తుందని తేల్చి, సంతకం పెట్టారనుకుంటాం. పేటెంటు ఆఫీసులో జరిగేది అది కాదు. అక్కడి పరీక్షకుడు ముఖ్యంగా చూసేవి మూడు: ఇది కొత్తదేనా, ఆ రంగంలో ఆరితేరినవాడికి కూడా వెంటనే తట్టని ఆలోచన ఇందులో ఉందా, పరిశ్రమలో తయారుచేసి వాడుకోవడానికి వీలవుతుందా. ముట్లుడిగిన ఆడవాళ్ళకు దీనివల్ల ఒంట్లో ఆవిర్లు తగ్గాయా, తుంటి ఎముక విరగకుండా నిలిచిందా అన్నది తేల్చే బాధ్యత అతనిది కాదు. ఈ తేడాను పట్టించుకోకపోవడం ఎంత ఖరీదైన పొరపాటో సోయా నుంచి తీసిన మెనోపాజ్ మాత్రల చరిత్ర చూస్తే తెలుస్తుంది. ఆ చరిత్రలో పేటెంటు దొరికే చోటు ఒకవైపు జరుగుతూ పోయింది. అనంతపురం లాంటి కరువు సీమలో నడివయసు దాటిన ఆడవాళ్ళ అవసరం ఇంకోవైపు ఉండిపోయింది. రెండూ కలుస్తాయనుకోవడానికి ఇంతవరకూ ఆధారం లేదనేదే ఈ వ్యాసంలోని వాదన.

మొక్కల్లో ఆడ హార్మోను లాంటి పదార్థం ఉంటుందన్న సంగతి బయటపడింది ఆడవాళ్ళ వల్ల కాదు, గొర్రెల వల్ల. 1940లలో పశ్చిమ ఆస్ట్రేలియాలో ఒక రకం క్లోవర్ గడ్డి మేసిన గొర్రెలు చూలు కట్టడం మానేశాయి. బెన్నెట్స్, అండర్‌వుడ్, షియర్ అనే ముగ్గురు 1946లో ఆ రోగాన్ని వివరంగా రాశారు. గడ్డిలో ఉన్న ఫార్మోనోనెటిన్ అనే పదార్థం గొర్రె కడుపులోని బ్యాక్టీరియా చేతిలో పడి చివరికి ఈక్వాల్‌గా మారుతుందని, ఆ ఈక్వాల్ ఈస్ట్రోజెన్ చేసే పనిలో కొంత చేస్తుందని తర్వాత తేలింది. నిజానికి ఈక్వాల్‌ను 1932లోనే చూడి గుర్రాల మూత్రం నుంచి వేరుచేశారు, కానీ దాంతో ఏమి పనో అప్పుడు ఎవరికీ తెలియలేదు. 1982లో కెన్నెత్ సెచెల్, ఆయన సహచరులు దాన్ని మనుషుల మూత్రంలో కూడా పట్టుకున్నారు. అది వచ్చే దారి సోయా. సోయాగింజలో డైడ్జీన్, జెనిస్టీన్ అనే ఐసోఫ్లేవోన్లు ఉంటాయి. డైడ్జీన్‌ను ఈక్వాల్‌గా మార్చేది మన ఒళ్ళు కాదు, మన పేగులో కాపురముండే కొన్ని రకాల బ్యాక్టీరియా. అవి అందరిలో ఉండవు. పాశ్చాత్య దేశాల్లో నూటికి ఇరవై ముప్పై మందిలో, జపాన్, కొరియా, చైనాల్లో సుమారు సగం మందిలో, కొన్నిచోట్ల అంతకు మించి కనిపిస్తాయి. అంటే ఒకే కూర తిన్న ఇద్దరు తోడికోడళ్ళలో ఒకరి రక్తంలో ఈక్వాల్ తేలవచ్చు, రెండోవారిలో జాడ కూడా ఉండకపోవచ్చు.

ఈ జీవరసాయనమే పేటెంట్ల కథను కూడా నడిపింది. సోయాగింజ ప్రకృతిది, దాని మీద హక్కు అడగలేరు. అందుకని మొదట గింజలోంచి తీసిన సారం మీద, దాని మోతాదు మీద, వాడకం మీద హక్కులు అడిగారు. ఆస్ట్రేలియాలో నోవోజెన్ కంపెనీ స్థాపించిన గ్రాహం కెల్లీకి మొక్కల ఈస్ట్రోజెన్లతో చేసే ఆరోగ్య అనుబంధాల మీద 1998లో అమెరికా పేటెంటు వచ్చింది. ఆ కంపెనీ ఎర్ర క్లోవర్ నుంచి చేసిన ప్రోమెన్సిల్ మాత్రలు మెనోపాజ్ మార్కెట్లో బాగా నడిచాయి. సారం మీద పోటీ పెరిగాక దృష్టి గింజ దాటి బ్యాక్టీరియా చేసే ఈక్వాల్ మీదికి మళ్ళింది. ఈక్వాల్‌కు కుడిచెయ్యి, ఎడమచెయ్యి లాగా ఒకదానికొకటి అద్దంలో బింబంలాంటి రెండు రూపాలున్నాయి. పేగు బ్యాక్టీరియా చేసేది వాటిలో ఒక్కటే. సెచెల్ పేరుతో ఈక్వాల్ రూపాల మీద, వాటిని తయారుచేసే పద్ధతుల మీద 2008లో అమెరికా పేటెంటు వచ్చింది. ఆ తర్వాతి మెట్టు బ్యాక్టీరియాయే. జపాన్‌కు చెందిన ఒట్సుకా కంపెనీ ఆరోగ్యవంతుల మలం నుంచి లాక్టోకాకస్ జాతి సూక్ష్మజీవిని వేరుచేసి, దానితో సోయాను పులియబెట్టి, ఈక్వాల్ ఉన్న మాత్రను 2014లో ‘ఈక్వెల్’ పేరుతో అక్కడి మార్కెట్లో పెట్టింది. గింజ నుంచి సారానికి, సారం నుంచి అణువుకు, అణువు నుంచి సూక్ష్మజీవికి: ప్రతి మెట్టులోనూ హక్కు దొరికే వస్తువు పొలానికి ఇంకాస్త దూరమైంది.

మన చట్టం దగ్గరికి వస్తే దారి ఇంకా ఇరుకు. 1970 పేటెంట్ల చట్టం మూడో సెక్షన్‌లో పేటెంటు ఇవ్వకూడనివాటి జాబితా ఉంది. తెలిసిన పదార్థానికి కొత్త ఉపయోగం కనిపెట్టడం, పదార్థాలను ఊరికే కలిపి వాటి గుణాలను పోగుచేయడం, మనిషికి వైద్యం చేసే పద్ధతి, ప్రకృతిలో ఉన్న జీవిని కనుగొనడం, సంప్రదాయ జ్ఞానం, ఇవన్నీ అందులో ఉన్నాయి. కాబట్టి ‘సోయా ఐసోఫ్లేవోన్లు, కాల్షియం, విటమిన్ డి కలిపిన మెనోపాజ్ మాత్ర’ అనే దరఖాస్తుకు ఇక్కడ గట్టి ఎదురుదెబ్బే తగులుతుంది. కొత్త తయారీ పద్ధతికో, కలిపినప్పుడు విడివిడి భాగాల్లో లేని కొత్త ఫలితం వచ్చిందని లెక్కలతో చూపిన మిశ్రమానికో అవకాశం ఉంది. భారతదేశపు జీవవనరును వాడుకున్న ఆవిష్కరణ అయితే 2002 జీవవైవిధ్య చట్టం కింద చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ గడప కూడా తొక్కాలి. ఇదంతా ఆవిష్కర్తల కాళ్ళకు బంధం వేయడమేనని పరిశ్రమ వర్గాలు గొణుగుతుంటాయి. కానీ గమనించండి: ఈ గడపల్లో ఏ ఒక్కటీ మాత్ర ఆడవాళ్ళకు మేలు చేసిందని ట్రయల్‌తో రుజువు చేయమని అడగదు. పసుపు వ్యవహారంలోనూ అంతే. గాయాలు మాన్పడానికి పసుపు అనే పేటెంటు 1995లో మిసిసిపి విశ్వవిద్యాలయానికి వచ్చింది. మన ప్రభుత్వ పరిశోధన మండలి సీఎస్ఐఆర్ సవాలు చేశాక 1997లో రద్దయింది. పసుపు గాయం మాన్పదని ఎవరూ నిరూపించలేదు, నిరూపించాల్సిన అవసరమూ రాలేదు. అది కొత్తది కాదని పాత గ్రంథాలతో, పత్రికలతో చూపిస్తే సరిపోయింది. పేటెంటు వచ్చినా, పోయినా, దాని వెనక ఉన్న ప్రశ్న వైద్యుడు అడిగే ప్రశ్న కాదు.

వైద్యుడి ప్రశ్నకు జవాబు ట్రయల్స్‌లో వెతకాలి. సోయా మాత్రల గిరాకీ పెరగడానికి ఒక భయం కారణం. 2002 జూలైలో అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే భారీ అధ్యయనంలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి ఇచ్చే భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. రొమ్ము క్యాన్సర్, పక్షవాతం ముప్పు పెరిగినట్టు కనబడింది. ఆ వార్త విని లక్షలమంది హార్మోన్లు మానేసి ‘సహజమైన’ దానికోసం చూశారు, సోయా ఎదురుగా ఉంది. అది నిజంగా ఆవిర్లు తగ్గిస్తుందా? 2012లో ఒక సమీక్ష, సోయా ఐసోఫ్లేవోన్లు ఉత్తుత్తి మాత్ర కన్నా ఆవిర్ల సంఖ్యను ఐదో వంతు ఎక్కువగా తగ్గిస్తాయని లెక్కగట్టింది. అదే ఏడు జపాన్‌లో ఈక్వాల్ తయారుచేసుకోలేని 160 మంది స్త్రీలతో జరిగిన ట్రయల్‌లో, రోజుకు 10 మిల్లీగ్రాముల ఈక్వాల్ తీసుకున్నవారికి పన్నెండు వారాల్లో ఆవిర్లు సుమారు 59 శాతం తగ్గాయి. ప్రకటనకు ఈ అంకె చాలు. పక్కనే ఉన్న అంకె చూడాలి: ఏమీ లేని మాత్ర తిన్నవారికి కూడా 35 శాతం దాకా తగ్గాయి. రోజువారీ లెక్కలోకి మార్చి చెప్పుకుంటే, ఈక్వాల్ వల్ల అదనంగా కలిగిన మేలు రోజుకు సుమారు ఒక్క ఆవిరి తక్కువ రావడం. అది సున్నా కాదు, రాత్రుళ్ళు చెమటతో తడిసి నిద్రలేచే మనిషికి ఆ ఒక్కటీ విలువైనదే. కానీ డబ్బా మీద అచ్చేసే 59కి, దీనికి చాలా దూరం ఉంది.

ఎముకల సంగతి ఇంకా తికమకగా ఉంది. 2007లో ఇటలీలో ఎముక పలచబడ్డ 389 మంది స్త్రీలలో సుమారు సగం మందికి రోజుకు 54 మిల్లీగ్రాముల జెనిస్టీన్ రెండేళ్ళు ఇస్తే ఎముక సాంద్రత పెరిగింది. 2011లో అమెరికాలోని మయామిలో 248 మందిలో సుమారు సగం మందికి రోజుకు 200 మిల్లీగ్రాముల సోయా ఐసోఫ్లేవోన్లు రెండేళ్ళు ఇస్తే ఎముక నష్టం ఏమీ ఆగలేదు. పైగా సోయా తిన్నవారిలో 48 శాతం మంది ఆవిర్ల గురించి చెబితే, ఉత్తుత్తి మాత్ర తిన్నవారిలో 32 శాతమే చెప్పారు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసి ఎవరికి నచ్చింది వారు తీసుకుంటున్నారు. ఉత్తర అమెరికా మెనోపాజ్ సొసైటీ 2023లో ఆవిర్లకు హార్మోన్లు కాని చికిత్సల మీద ఇచ్చిన సిఫారసుల్లో సోయా ఆహారం, సోయా సారాలు, ఈక్వాల్ మూడింటినీ సిఫారసు చేయనివాటి వరుసలో పెట్టింది. భద్రత మాట వేరు: ముట్లుడిగిన స్త్రీలలో ఈ ఐసోఫ్లేవోన్లు రొమ్ముకు, గర్భాశయానికి, థైరాయిడ్‌కు చెరుపు చేస్తున్నట్టు ఆధారం లేదని యూరోపు ఆహార భద్రతా సంస్థ 2015లో తేల్చింది. అంటే విషం కాదు, దివ్యౌషధమూ కాదు.

ఇక్కడ రెండు అభ్యంతరాలు వినిపిస్తాయి. మొదటిది జపాన్: అక్కడి ఆడవాళ్ళు తరతరాలుగా సోయా తింటున్నారు, ఆవిర్ల బాధ వారికి తక్కువ, ఇంతకన్నా రుజువేం కావాలి అని. జపాన్ ఇళ్ళలో రోజుకు పాతిక నుంచి యాభై మిల్లీగ్రాముల ఐసోఫ్లేవోన్లు చిన్నప్పటి నుంచీ ఆహారంలో భాగంగా అందుతాయి. నలభై ఎనిమిదేళ్ళకు మొదలుపెట్టి మూడు నెలలు వేసుకునే మాత్రతో దాన్ని పోల్చలేం. శరీర బరువు, చేపలు, నడక, ఆవిర్లను డాక్టరుకు చెప్పుకునే అలవాటు, అన్నీ వేరు. రెండో అభ్యంతరం బరువైనది: పేటెంటు ఆశ లేకపోతే ట్రయల్‌కు డబ్బు పెట్టేదెవరు? ఒప్పుకోవాల్సిందే, తన చేతిలో హక్కు ఉండబట్టే ఒట్సుకా లాంటి కంపెనీ ఏళ్ళ తరబడి ఖర్చుపెట్టింది. అయితే సోయాను గట్టిగా నిలదీసిన మయామి అధ్యయనం, హార్మోన్ల గుట్టు విప్పిన 2002 అధ్యయనం రెండూ అమెరికా ప్రభుత్వ పరిశోధన నిధులతో జరిగినవి. కంపెనీ డబ్బు ఎటు వెళ్తుందో కూడా చూడాలి. పన్నెండు వారాలు, సహజంగా ముట్లుడిగిన పట్టణ స్త్రీలు, లెక్కపెట్టడానికి వీలైన ఆవిర్లు: అమ్మకానికి పనికొచ్చే ప్రశ్న ఇలాగే తయారవుతుంది. అది తప్పని అనను. అది అనంతపురం ప్రశ్న కాదంటాను.

అనంతపురం ప్రశ్న ఎక్కడ మొదలవుతుందో చెప్పాలంటే మొదట ఒక అంకె చెప్పాలి. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ళ మధ్య భారతీయ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు తొమ్మిది మంది, దేశంలోకెల్లా ఎక్కువ. తర్వాతి స్థానం తెలంగాణది. తెల్లబట్ట అవుతోందనో, రక్తస్రావం ఆగడం లేదనో, ‘ఉంచితే క్యాన్సర్ అవుతుంద’న్న భయంతోనో ముప్పైల్లోనే ఆపరేషన్ బల్ల ఎక్కినవారు వీరిలో ఎందరో. దేశం మొత్తం మీద మూడింట రెండు వంతుల ఆపరేషన్లు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగాయి. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అదుపు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించే దాకా వెళ్ళింది వ్యవహారం. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే, ఏళ్ళ మీద మెల్లగా తగ్గాల్సిన ఈస్ట్రోజెన్ రోజుల్లో పడిపోతుంది. వాటిని ఉంచినా, అవి సగటున మూడు నాలుగేళ్ళు ముందే అలసిపోతాయని అధ్యయనాలున్నాయి. సహజ మెనోపాజ్ మన దేశంలో సుమారు 46 ఏళ్ళకు వస్తుంది. ముప్పై ఆరేళ్ళకు కత్తితో వచ్చిన మెనోపాజ్ అంటే ఎముక, గుండె పదేళ్ళు అదనంగా హార్మోను లేకుండా గడపాలి. సోయా ట్రయల్స్‌లో చేరినవారు ఎక్కువగా ఇలాంటివారు కాదు. ఇలా చిన్నవయసులో అండాశయాలు పోయినవారికి, వద్దనడానికి వేరే కారణం లేకపోతే, సహజ మెనోపాజ్ వయసు దాకా ఈస్ట్రోజెన్ ఇవ్వాలని వైద్య సంఘాల మార్గదర్శకాలు చెబుతున్నాయి. 2002 భయం వీరికి వర్తించదు: ఆ అధ్యయనంలో సగటు వయసు 63, ఆపేసిన మందు రెండు హార్మోన్ల కలయిక. గర్భసంచి లేనివారికి ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చిన రెండో భాగంలో పక్షవాతం ముప్పు పెరిగిందిగానీ రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. ఆ ఈస్ట్రోజెన్ పాత మందు, పేటెంటు ఎప్పుడో తీరిపోయింది. బహుశా అందుకే దాని గురించి చెప్పేవారు తక్కువ.

అనంతపురం ప్రశ్నలో గర్భసంచి ఆపరేషన్ల తర్వాత రెండోది నీళ్ళు. మన ఆడవాళ్ళు ఈ వయసులో ఆవిర్ల కన్నా కీళ్ళ నొప్పులు, నడుము నొప్పి, నీరసం గురించే ఎక్కువగా చెబుతారు. అనంతపురం పీఠభూమిలో నడుము పట్టేసిందంటే ముట్లుడగడం ఒక్కటే కారణం కానక్కరలేదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ నేలలో తాగునీరు లోతైన బోర్ల నుంచి వస్తే, రాతిలోని ఫ్లోరైడ్ కూడా వస్తుంది. 1995లో మొదలైన శ్రీ సత్యసాయి తాగునీటి పథకం ఏడు వందలకు పైగా ఊళ్ళకు నీళ్ళివ్వడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. తాగునీటిలోని ఫ్లోరైడ్ ఎముకలను చేసే పని వైద్యశాస్త్రానికి తెలిసిరావడంలో తెలుగు నేలకూ చోటుంది. 1937లో షార్ట్ బృందం నెల్లూరు ప్రాంతపు రోగుల మీద రాసిన వ్యాసం ఈ విషయంలో తొలినాటిది. ఇంకా ఆసక్తికరమైనది 1990లో అమెరికాలోని మేయో క్లినిక్ చేసిన ట్రయల్. ఎముక బోలుబారిన 202 మంది ముట్లుడిగిన స్త్రీలలో సగం మందికి నాలుగేళ్ళు సోడియం ఫ్లోరైడ్ ఇచ్చారు. వెన్నెముక సాంద్రత 35 శాతం పెరిగింది. ఏ మందుకైనా పండగ చేసుకోవాల్సిన అంకె అది. తీరా చూస్తే వెన్నుపూసలు విరగడం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు, మిగతా ఎముకలు విరగడం మాత్రం సుమారు మూడు రెట్లయింది. ఎముక చిక్కబడింది, గట్టిపడలేదు. ఇటలీ జెనిస్టీన్ ట్రయల్‌లో పెరిగింది కూడా సాంద్రతే అని గుర్తుంచుకుంటే, ‘ఎముక సాంద్రతను పెంచే పేటెంటు ఫార్ములా’ ఫ్లోరైడ్ నీళ్ళు తాగే ఊళ్ళో ఎంత తక్కువ చెబుతోందో అర్థమవుతుంది. అలాంటి ఊళ్ళో స్కానింగు అంకె బాగున్నా ఎముక బాగున్నట్టు కాకపోవచ్చు.

ఇంతకీ సోయా తినాలనుకునేవారు మాత్ర కొనక్కరలేదు. అనంతపురం ఎర్రనేలలో సోయా అంతగా వేయరు, అది ఆదిలాబాద్, నిర్మల్ నల్లరేగడి పంట. ఇక్కడి శెనక్కాయల్లో నూరు గ్రాములకు ఒక మిల్లీగ్రాము ఐసోఫ్లేవోన్లు కూడా ఉండవు. అయితే కిరాణా కొట్లో దొరికే మీల్ మేకర్‌లో ఉంటాయి. నూనె తీసేసిన సోయాపిండిని వేడిలో, ఒత్తిడిలో పొంగించి చేస్తారు దాన్ని. ఐసోఫ్లేవోన్లు నూనెతో పోవు కనుక పిండిలోనే మిగులుతాయి. మీల్ మేకర్‌ను వేడినీళ్ళలో నానబెట్టి, ఆ నీటిని పిండేసి పారబోసినప్పుడు కొంత పోతుంది. అయినా గుప్పెడు ఎండు మీల్ మేకర్ కూరలో జపాన్ ఇంటి మోతాదుకు దగ్గరగా అందుతుంది, దానితో పాటు మాత్రలో లేని మాంసకృత్తులు కూడా. మరి ఊళ్ళో హార్మోను రాసిచ్చే డాక్టరే లేనప్పుడు, అడ్డులేకుండా దొరికే సోయా మాత్రే నయం కదా అనవచ్చు. ముప్పై ఎనిమిదేళ్ళకు అండాశయాలు పోయిన మనిషికి ఆ మాత్ర చేసే అసలు హాని రసాయనికం కాదు: వైద్యం జరుగుతోందన్న భ్రమ కల్పించి అడగాల్సిన మందును అడగనివ్వదు. మన ఆహార భద్రతా సంస్థ నిబంధనల ప్రకారం ఇలాంటి అనుబంధాల డబ్బా మీద ‘మందుగా వాడటానికి కాదు’ అని రాయాల్సిందే. పేటెంటు మాట పెద్ద అక్షరాల్లో, ఈ మాట చిన్న అక్షరాల్లో ఉండటం యాదృచ్ఛికం కాదు.

ఈ సీమకు కావాల్సిన అధ్యయనం ఎలా ఉండాలో ఊహించడం కష్టం కాదు. గర్భసంచి మాత్రమే తీసినవారు, అండాశయాలు కూడా పోయినవారు, సహజంగా ముట్లుడిగినవారు, మూడు గుంపులు. అందరి తాగునీటిలో, మూత్రంలో ఫ్లోరైడ్ ఎంతో కొలవాలి. నాలుగు రోజులు సోయా తినిపించి ఈక్వాల్ తయారవుతోందో లేదో చూడాలి. సాంద్రత కాదు, విరిగిన ఎముకలు లెక్కపెట్టాలి, అదీ ఏళ్ళ తరబడి. ఇందులో ఏ ఒక్క ఫలితానికీ పేటెంటు రాదు కనుక ఏ కంపెనీ ముందుకు రాదు. ఇలాంటి పని చేసిన చరిత్ర మాత్రం మనకు ఉంది. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి, ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న తెలుగు పల్లెల్లో మోకాళ్ళు లోపలికి వంగిపోతున్న మనుషులను పరీక్షించి, ఒకే మనిషిలో కొన్ని ఎముకలు చిక్కబడి, కొన్ని బోలుబారుతున్నాయని లాన్సెట్ పత్రికలో రాశారు. ఆ ఖర్చు ప్రభుత్వానిది, అమ్ముకోవడానికి అందులో ఏమీ లేదు.